తెర వైపు తిరిగిన ముఖం

నాన్న తనంతట తానుగా బొమ్మ వెయ్యమని అడగడమంటే మాటలా! రాజమండ్రిలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న కూతురి గురించి ఎవరైనా "మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అంటే, "ఏదో డిగ్రీ అండి" అని మాట దాటేసే సత్యప్రసాద్, ఆ ఆదివారం పొద్దున్న ఇడ్లీ చట్నీలో అద్దుకుంటూ, "అమ్మడూ, తాతయ్య పటం ఒకటి వేసిపెడతావా? కొత్త షాపులో గల్లాపెట్టె వెనక గోడకి పెడదాం. శుక్రవారం పొద్దున్నే ముహూర్తం" అన్నాడు. హారతి చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. వంటింట్లోంచి తల్లి మీనాకుమారి గరిటెతో సహా తొంగి చూసింది.

"ఆయిల్ పెయింటింగా నాన్నా?"

"అదే, ఏదో ఒకటి. చూసినవాళ్ళు ఆహా అనాలి. మన కొవ్వూరులో ఇంకే షాపులోనూ అలాంటిది ఉండకూడదు."

ఇంకేం కావాలి! హారతికి ఇక కాళ్ళు నేల మీద నిలవలేదు. సాయంత్రానికల్లా పెద్ద కాన్వాసు, కొత్త బ్రష్షులు, లిన్‌సీడ్ నూనె సీసా వచ్చి ఆమె మంచాన్ని ఆక్రమించేశాయి. ఆ రాత్రి ఆమె చాప వేసుకుని కింద పడుకుంది.

షాపు సంగతి కూడా చెప్పాలి. మెయిన్‌రోడ్డు మీది జగన్నాథరావు క్లాత్ స్టోర్సు ముందు భాగాన్ని పడగొట్టి, అద్దాలు బిగించి, పైన ఒక అంతస్తు లేపి, 'జగన్నాథ్ షాపింగ్ మాల్' అని పేరు మార్చారు. మాల్ అంటే మరీ అంత మాలేం కాదు లెండి. లిఫ్టు లేదు, ఏసీ పట్టుచీరల దగ్గర మాత్రమే. వెనక గదిని గోడౌనుకని ఉన్నదున్నట్టే ఉంచేశారు. ఆ జగన్నాథరావుగారే హారతి తాతయ్య. సత్యప్రసాద్‌కి ఊహ తెలియకముందే పోయాడాయన. ఆయన ముఖానికి ఇప్పుడు మిగిలిన ఆధారం పాత లైసెన్సు కాగితం మీది ఫొటో ఒక్కటే. అది తపాలా బిళ్ళంత ఉంది, కుడి బుగ్గ మీద ఆఫీసువారి ముద్ర పడింది.

సోమవారం కాలేజీలో ఆ ఫొటోని ఉదయభాస్కర్ సార్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. పోర్ట్రెయిట్ క్లాసు ఆయనదే. మెచ్చుకోవడం ఆయనకి ఆట్టే అలవాటు లేదు.

"ముక్కుంది, మీసముంది, ముద్ర కూడా ఉంది. మనిషేడమ్మా?"

"ఉన్నది అదొక్కటే సార్. పెద్దది చేసి వేస్తాను."

"దానికి నువ్వెందుకు? ఫ్లెక్సీ షాపుకి వెళ్తే టీ తాగి వచ్చేలోపు ఇచ్చేస్తాడు." ఆయన ఫొటో తిరిగిచ్చేశాడు. "చూడమ్మా, పోర్ట్రెయిట్ అంటే ఇద్దరు కూర్చోవాలి. నువ్వు అవతలి మనిషిని చూస్తావు, ఆ మనిషి నిన్ను చూస్తుంది. ఆ రెండు చూపుల మధ్య ఏదో జరుగుతుంది. అది జరక్కపోతే నువ్వు చర్మం వేసినట్టు, అంతే."

"చనిపోయినాయన నన్నెలా చూస్తారు సార్?" హారతికి కాస్త ఒళ్ళు మండింది.

"ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరా?"

ఎందుకు లేరు! ఇంట్లోనే ఉంది. ఆ మాట అప్పటిదాకా తనకి తట్టనందుకు హారతి నెత్తి మీద తనే ఒక మొట్టికాయ వేసుకుని, వచ్చిన బస్సెక్కేసింది. బ్రిడ్జి మీద బస్సు నెమ్మదించింది. శ్రావణమాసం, గోదారికి ఎర్రనీరు వచ్చి ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా పోతోంది. ఆ ఎరుపుకి ఏ రంగులో ఏది కలపాలా అని మనసులో కలుపుకుంటూ, తన స్టాపులో దిగడం మరిచిపోయి తర్వాతి స్టాపు నుంచి నడుచుకుంటూ వచ్చింది.

*

పాపాయమ్మగారిని అందరూ పాపాయిగారనే అంటారు. హారతికి మామ్మ. వెనక గదిలో, బట్టల బేళ్ళ మధ్య, ఒక చెక్క పీట ఆవిడది. గదికీ ముందు షాపుకీ మధ్య గుమ్మానికి ముదురాకుపచ్చ తెర ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడో అమ్ముడుపోని తానులోంచి చింపి వేసిన తెర అది. ముందు నుంచి "అమ్మా, మెత్తటి వాయిల్!" అని కేక వస్తే, తెర పక్కనుంచి మామ్మ చెయ్యి తానుతో సహా బయటికి వస్తుంది. తాను అందుకున్నాక చెయ్యి లోపలికి పోతుంది. హారతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మామ్మకి అదే లోకం.

మంగళవారం హారతి స్కెచ్‌బుక్కు, బొగ్గుకడ్డీలు పట్టుకుని వెళ్ళి ఒక బేలు మీద ఎక్కి కూర్చుంది. మామ్మ కొత్త చీరలకి ధర చీటీలు కుడుతోంది. ముందు షాపులో వడ్రంగులు అద్దాల బీరువాలు బిగిస్తూ చెవులు చిల్లులు పొడుస్తున్నారు.

"మామ్మా, తాతయ్య ఎలా ఉండేవారు?"

"ఎలా ఉంటారు, మనిషిలాగే ఉండేవారు."

"అబ్బా, అది కాదు. ముఖం ఎలా ఉండేది?"

మామ్మ సూది ఆపి ఆలోచించింది. "ఆయన మెడ బాగా తెలుసే నాకు. కుడిచెవి వెనకాల పుట్టుమచ్చ. ఆయన ముందు కూర్చునేవారు, నేనిక్కడ. పొద్దస్తమానం ఆ మెడే కదా కనబడేది! ముఖం సంగతంటావా, కొనేవాళ్ళనడుగు. వాళ్ళకే బాగా తెలిసుంటుంది."

హారతి పకపకా నవ్వింది. మామ్మ కూడా నవ్వింది. ముందుపన్ను ఒకటి లేకపోయినా ఆ నవ్వుకేం లోటు లేదు.

"మరి ఆయన పోయాక ముందు ఎవరు కూర్చునేవారు?"

"మీ పెదతాత కొన్నాళ్ళు. ఆ తర్వాత గుమాస్తా. మీ నాన్న చేతికందొచ్చాక మీ నాన్న."

"నువ్వెందుకు కూర్చోలేదు? కొట్టు నడిపిందంతా నువ్వేనని అమ్మ చెప్పింది."

"నేనెలా కూర్చుంటానే పిచ్చిదానా! బోణీ వేళకి నా ముఖం ఎదురుగా ఉంటే ఆ పూట బేరం సాగినట్టే. బోణీ అయ్యాక సందుగుమ్మంలోంచి వచ్చి ఇక్కడ, ఈ పీట మీద కూర్చునేదాన్ని." ఆ మాట చెప్పి, దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది. ఏడుపూ లేదు, నిష్ఠూరమూ లేదు. వానొస్తే గొడుగు వేసుకుంటాం అన్నట్టు చెప్పింది.

హారతికి తెలియని సంగతి కాదిది. రోజూ పొద్దున్నే మామ్మ స్నానం చేసి, చీర కట్టుకుని, ఇంట్లో కుర్చీలో చేతిసంచీతో కూర్చుని ఉండటం, షాపు నుంచి నాన్న ఫోన్ చేసి "బోణీ అయిందమ్మా" అన్నాక లేచి వెళ్ళడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. కాళ్ళు కడుక్కుని లోపలికి రావడమెంతో అదీ అంతే ఆ ఇంట్లో. చూసింది, చూసింది, చూస్తూనే ఉంది. ఒక్కరోజు కూడా కనబడలేదు. ఇప్పుడు కనబడింది.

ఏం చెయ్యాలో తోచనప్పుడు హారతి చెయ్యి గీతలు గీస్తుంది. ఇప్పుడూ అదే చేసింది. కళ్ళు సగం మూసి, ముఖం మీద వెలుగెంత, నీడెంత అని చూసుకుని బొగ్గుతో పెద్ద పెద్ద ముద్దలుగా మొదలుపెట్టింది. కిటికీ వెలుగు ఎడమ చెంప మీద పడుతోంది. నుదురు కుదిరింది. దవడ కుదిరింది. ఇంతలో ముందు ఏదో దబ్బున పడ్డ చప్పుడు. మామ్మ తల తెర వైపు తిరిగిపోయింది.

"మామ్మా, కదలకు!"

"కదల్లేదే."

మళ్ళీ మొదలు. ముందు ఎవరో దారిన పోయేవాళ్ళు "మాల్ ఎప్పుడు తెరుస్తారండీ?" అని అడిగారు. మామ్మ తల మళ్ళీ అటే. సూది చేతిలోనే ఉంది, చెవి మాత్రం ముందు షాపులో ఉంది. ఇలా అయిదారు కాగితాలు ఖరాబయ్యాయి. హారతికి చిర్రెత్తుకొచ్చి, "ఒక్క నిమిషం నా వైపు చూస్తే నీ సొమ్మేం పోయింది మామ్మా!" అంది.

"చూస్తున్నానుగా తల్లీ," అంది మామ్మ, తెర వైపు చూస్తూ.

ఆ క్షణాన తళుక్కుమంది హారతికి. అరెరే, ఇంతసేపూ తను తుడిచి పారేస్తున్నదే కదా మామ్మ! ముఖాన్ని సాపుగా, ఎదురుగా, లైసెన్సు ఫొటోలాగా కూర్చోబెట్టాలని తనెందుకు ఇంత తాపత్రయపడుతోంది? మనిషి ముఖం తన ముక్కూ కళ్ళ దగ్గరే ఆగిపోదు. ఎటు చూస్తోందో అక్కడిదాకా ఉంటుంది. ఇన్నేళ్ళు ఒకే తెర వైపు తిరిగి తిరిగి ఆ మెడలో ఒక నరం తాడులా తేలింది. ఆ నరాన్ని వెయ్యకుండా మామ్మని వేశానంటే ఎవరు నమ్ముతారు!

"తిరుగు మామ్మా, నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు!" అని హారతి బేలు మీద నుంచి కిందికి దూకింది. ఆ దూకుడికి బొగ్గుకడ్డీలన్నీ కొత్త చీరల మీద దొర్లాయి. మామ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

*

బుధవారం పొద్దున్నే తాతయ్య కోసం కొన్న కాన్వాసుని ఆటోలో వేసుకుని వెనక గదికి తెచ్చేసింది. అది తాతయ్యదని తెలుసు. నాన్నకి చెప్పలేదు. చెప్తే ఏమంటాడో అదీ తెలుసు. అయినా చెయ్యి ఆగితే కదా!

పల్చగా గోధుమరంగు పూత వేసి, దాని మీద రంగు ఎక్కించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ముఖం లేచింది. కానీ కుడి చెంప, తెర వైపున్న చెంప, ఎంత వేసినా బొమ్మలా ఉంటోంది గానీ మనిషిలా రావడం లేదు. ఒంటిరంగు ఒంటిరంగులానే కలిపింది. ఎర్రమట్టి రంగు, పసుపు, తెలుపు, కాస్త నీలం. కత్తితో గీకేసింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ గీకేసింది. టర్పెంటైన్ వాసనకి మామ్మ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏం నూనె అమ్మా ఇది, దోమలు చచ్చేలా ఉన్నాయి" అంది.

చెంగు తీసినప్పుడు హారతి చూసింది. మామ్మ చెంప మీద పచ్చ ఉంది!

నిజంగా పచ్చే. తెర మీద పడిన వెలుగు విరిగి, చెంప మీదా, చెవి తమ్మె మీదా, మెడ నరం మీదా లేతాకుపచ్చగా పరుచుకుని ఉంది. హారతి బ్రష్షు చివర కొంచెం పచ్చ ముంచి ఒక్క గీత పెట్టింది. ఒకే ఒక్క గీత. చెంప గుండ్రంగా లేచి నిలబడింది. దానికి ప్రాణం వచ్చి, వెనక గదిలోకి ఊపిరి వదిలింది.

ఆనందం పట్టలేక హారతి సందులోకి పరుగెత్తి సార్‌కి ఫోన్ చేసింది.

"సార్! ముఖానికి సొంత రంగంటూ లేదు సార్! పక్కన ఏముంటే అది ముఖం మీద పడుతోంది. ఇన్నేళ్ళూ తెర పక్కన కూర్చుంటే, ఆ తెర ఆవిడ చెంపలో ఉంది సార్! ఒక్క మనిషిని వేద్దామనుకుంటే పక్కనున్నవన్నీ వెయ్యాల్సి వస్తోంది!"

"మెల్లిగా, మెల్లిగా. క్లాసులో ఇదే చెప్తే నిద్రపోయావు కదమ్మా," అన్నాడాయన. ఆ తర్వాత గొంతు మారింది. "ఆవిడ అంటున్నావేంటి? తాతయ్యని కదా వేస్తానన్నావు?"

"మామ్మ కనబడింది సార్," అంది హారతి.

"సరే, ఎవరు కనబడితే వాళ్ళనే వెయ్యి. కనబడనివాళ్ళని వేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆయన నోటి నుంచి ఇంతకన్నా మెచ్చుకోలు ఈ జన్మకి రాదు.

*

గురువారం సాయంత్రం సత్యప్రసాద్ చంకలో ఏదో పెద్ద షీటు చుట్టతో వెనక గదిలోకి వచ్చాడు. రేపటి హడావిడిలో పాపం రెండు రోజులుగా సరిగా తిండి లేదు. "ఏదమ్మడూ, తాతయ్య ఎంతవరకు వచ్చారు?" అంటూ వచ్చినవాడు కాన్వాసు ముందు ఆగిపోయాడు.

చెయ్యి చాపి చెంప మీద వేలు పెట్టాడు. ఇంకా ఆరని పచ్చరంగు వేలికంటింది.

"అమ్మే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. ఆ తర్వాత తెలివిలోకి వచ్చాడు. "ఇదేంటి హారతీ! నేనడిగిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"ఇది గోడకి పెడదాం నాన్నా. కొట్టు నిలబెట్టింది మామ్మే కదా!"

"మతి ఉండే మాట్లాడుతున్నావా? బతికున్న మనిషిని పటం కట్టి గోడకెక్కిస్తారా ఎవరైనా? ఆయుక్షీణం! పైగా రేపు శ్రావణ శుక్రవారం. పెద్దింట్లమ్మగారిని బోణీకి పిలిచాం, మన పాత ఖాతాదారు, నిండు ముత్తైదువ. గుమ్మంలో అడుగుపెడుతూనే ఎదురుగా గోడ మీద..."

అక్కడ ఆగాడు. మామ్మ పీట మీదే ఉంది, చీర మడత పెడుతూ.

"ఎదురుగా నా ముఖం ఉంటుందనా?" అని తనే పూర్తి చేసింది.

"నేనామాట అన్లేదమ్మా. వ్యాపారమన్నాక కొన్ని సెంటిమెంట్లుంటాయి. నీకు తెలీనివా?" అమ్మంటే ప్రాణం అతనికి. అందులో అనుమానం లేదు. ప్రాణం ప్రాణమే, సెంటిమెంటు సెంటిమెంటే. "ఎందుకైనా మంచిదని ఫ్లెక్సీ చిట్టియ్య చేత నాన్న ఫొటో చేయించాను, చూడు" అని చుట్ట విప్పాడు.

చిట్టియ్య మొహమాటపడే మనిషి కాదు. జగన్నాథరావుగారికి నీలంరంగు కోటు తొడిగి, ఎర్ర టై కట్టి, ముద్ర పడిన బుగ్గని నున్నగా తుడిచి, వెనకాల మంచుకొండలు పెట్టాడు.

మామ్మ వంగి చూసింది. "ఎవర్రా ఈయన?"

"నాన్నే అమ్మా."

"మీ నాన్న జన్మలో కోటు తొడగలేదురా. ఆ కొండల్లో ఏం చేస్తున్నారు?"

హారతికి నవ్వు ముంచుకొచ్చింది గానీ నాన్న ముఖం చూసి దిగమింగింది. ఏడుపు కూడా దాని వెనకే వచ్చింది. అదీ దిగమింగింది. సత్యప్రసాద్ ఫ్లెక్సీ చుట్టుకుని, వేలికంటిన పచ్చని రుమాలుకి తుడుచుకుంటూ ముందుకి వెళ్ళిపోయాడు.

మామ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచి మొదటిసారిగా కాన్వాసు ఎదురుగా వచ్చి నిలబడింది. ఈ రెండు రోజులూ వెనక వైపే చూసింది దాన్ని.

"ఎటు చూస్తోందే ఈవిడ?"

"ముందు షాపు వైపు."

"ఇన్నేళ్ళూ నేనిలా చూశానా?"

హారతి తలూపింది. మామ్మ తెర అంచు పట్టుకుని, బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలితో కాసేపు రుద్దింది. ఇంటి ముందు రిక్షా దిగుతూ, "రేపు ముహూర్తం ఎన్నింటికే?" అని మాత్రం అడిగింది.

*

శుక్రవారం పొద్దున్న కొత్త షాపు పెళ్ళివారిల్లులా ఉంది. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. గల్లాపెట్టె వెనక గోడ మీద కోటు వేసుకున్న జగన్నాథరావుగారు మంచుకొండల్లో నవ్వుతున్నారు. పూజారిగారు పూజ ముగించి కర్పూరం పళ్ళెం తిప్పుతున్నారు. సత్యప్రసాద్ పట్టుపంచెలో అటూ ఇటూ తిరుగుతూ, నిమిషానికోసారి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఇంట్లో మామ్మతో, "బోణీ అవగానే ఫోన్ చేస్తానమ్మా" అని చెప్పే వచ్చాడు. హారతి మూతి ముడుచుకుని ఒక అద్దాల బీరువా పక్కన నిలబడింది. ఆమె వేసిన బొమ్మ వెనక గదిలో గోడ వైపు తిరిగి ఉంది.

పెద్దింట్లమ్మగారి కారు వచ్చి ఆగింది. సత్యప్రసాద్ ఎదురెళ్ళబోయాడు. అదే సమయానికి కారుకి ముందు ఒక ఆటో ఆగి, అందులోంచి లేత నీలంరంగు వెంకటగిరి చీర, చేతిలో సంచీ, పాపాయిగారు దిగింది. సందుగుమ్మం వైపు వెళ్ళలేదు. అద్దాల తలుపు ముందు చెప్పులు విడిచి, గుమ్మం కళ్ళకద్దుకుని, కుడికాలు లోపల పెట్టింది.

పూజారిగారికి ఉన్నట్టుండి కొబ్బరిచెక్కలతో చాలా పని పడింది.

"అమ్మా," అన్నాడు సత్యప్రసాద్. "బోణీ ఇంకా..."

"తెలుసురా."

"మరి..."

"బతికున్నదాని పటం పెట్టకూడదన్నావు. నిజమే నాన్నా, పెట్టకూడదు. అందుకే మనిషినే వచ్చాను." ఆవిడ నడుచుకుంటూ వెళ్ళి, గల్లాపెట్టె చుట్టూ తిరిగి, ఆ కొత్త కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. కొంచెం ముందుకి జరిగి సర్దుకుంది.

హారతి, నాన్న ఏమంటాడో అని అటూ, పెద్దింట్లమ్మగారు ఏమంటారో అని ఇటూ చూసింది. పెద్దింట్లమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయింది. చేతినిండా గాజులు, నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు. ఆవిడా లోపల జరిగిందంతా చూసింది. వెనక్కి తిరిగితే తిరగొచ్చు, కారింకా స్టార్ట్‌లోనే ఉంది.

ఆవిడ వెనక్కి తిరగలేదు గానీ ముందుకీ రాలేదు. కాసేపటికి మెల్లగా లోపలికి వచ్చి, బల్ల మీద పరిచి ఉంచిన చీరల్లో పసుపుది ఒకటి తీసి, మళ్ళీ పెట్టేసి, గంధంరంగుది తీసుకుంది. గల్లాపెట్టె దగ్గరికి వచ్చి డబ్బు తీసింది. మామ్మ చెయ్యి చాచింది. గాజుల్లేని చెయ్యి, సూదిపోట్లతో గరుకుదేలిన వేళ్ళు. పెద్దింట్లమ్మగారు ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

"ఈ చెయ్యి నాకు తెలుసండీ," అంది చివరికి. "నా పెళ్ళిచీర ఈ చేతిలోంచే తీసుకుంది మా అమ్మ. మా అమ్మాయి పెళ్ళికీ అంతే. తెర పక్కనుంచి వచ్చేది చెయ్యి. ఎవరిదోనని ఎప్పుడూ అడగలేదు." డబ్బు ఆ చేతిలో పెట్టి, రెండు చేతులతోనూ ఆ చేతిని మూసింది. "మీరా అండీ పాపాయిగారూ! ముఖం ఇవాళే చూస్తున్నాను."

మామ్మ డబ్బు కళ్ళకద్దుకుని పెట్టెలో వేసింది. పెట్టె మూత చప్పుడు షాపంతా వినబడింది.

సత్యప్రసాద్ ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోవడానికి రుమాలు తీశాడు. దాని మీద నిన్నటి పచ్చమరక ఉంది.

"ఒరే ప్రసాదూ," అంది మామ్మ. "నిలబడ్డావేంరా? అమ్మగారి చీర మడతపెట్టి కవర్లో వెయ్యి."

"ఆఁ, ఆఁ, వేస్తున్నానమ్మా," అని ఉలిక్కిపడి కదిలాడతను. చీర మడతపెడుతూనే హారతి పక్కకి వచ్చి, ఆమె వైపు చూడకుండా గొంతు తగ్గించి, "ఆ బొమ్మ... ఇంట్లో హాల్లో పెట్టుకుందామా అమ్మడూ?" అన్నాడు.

హారతి మాట్లాడేలోపే మామ్మ అందుకుంది. ఆవిడ చెవి ఎక్కడుండాలో అక్కడే ఉంది. "హాలూ వద్దు, గోడా వద్దు. దాన్ని తీసుకెళ్ళి వెనక నా పీట మీద పెట్టవే. ఇన్నాళ్ళ చోటు, ఖాళీగా ఉంటే బాగోదు."

హారతి ఒక్క పరుగున వెనక గదిలోకి వెళ్ళింది. కాన్వాసుని పీట మీద నిలబెట్టి గోడకి ఆనించింది. ఆకుపచ్చ తెరని ఒక పక్కకి లాగి ముడివేసింది. కొత్త షాపు లైట్ల వెలుగంతా ఒక్కసారి గదిలోకి వచ్చి బొమ్మ మీద పడింది. పచ్చ చెంప తెల్లబడింది. ఇక ఆ చెంపని మళ్ళీ వెయ్యాలి! మొత్తం మళ్ళీ వెయ్యాలి! రంగులన్నీ మారిపోయాయి! ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

బొమ్మలో మామ్మ మెడ తిప్పి ముందు షాపు వైపు చూస్తోంది. అక్కడ, కుర్చీలో, మామ్మ మెడ కనబడుతోంది.

"మామ్మా!" అని కేకేసింది.

గల్లాపెట్టె దగ్గర మామ్మ తల వెనక్కి తిరిగింది. లైట్ల వెలుగు ముఖమంతా నిండుగా ఉంది. ఎక్కడా తెర రంగు లేదు. ఈ ముఖాన్ని హారతి ఎప్పుడూ చూడలేదు.

"కదలకు మామ్మా! ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం!" అని స్కెచ్‌బుక్కు కోసం బేళ్ళ మధ్య వెతుక్కుంటూ అరిచింది.

"ఇప్పుడేం కుదరదే, బేరముంది," అని మామ్మ అటు తిరిగిపోయింది.